పాతబడిన భవనం, నివాసుల చేతిలో పగ్గాలు

ప్రశ్న: సూరత్‌లో శిథిలమవుతున్న అపార్టుమెంటును నివాసులే పూనుకుని తిరిగి కట్టుకోవచ్చునా? అందులో అద్దెకున్నవారి గతి ఏమిటి?

జవాబు: కట్టుకోవచ్చు. 1973 నాటి గుజరాత్ ఫ్లాట్ల యాజమాన్య చట్టానికి 2018లో వచ్చిన సవరణ ప్రకారం, నిర్మాణ అనుమతి పొంది 25 ఏళ్లు నిండిన భవనాన్ని గానీ, శిథిలమైనదని అధికారులు ప్రకటించిన భవనాన్ని గానీ, యజమానుల్లో కనీసం 75 శాతం మంది సమ్మతిస్తే పడగొట్టి పునర్నిర్మించవచ్చు. అయితే పెత్తనం బిల్డరు చేతికి పోకుండా ఉండాలంటే, నివాసులు ముందుగా హౌసింగ్ సొసైటీగా, అంటే ఫ్లాటు చిన్నదైనా పెద్దదైనా సభ్యుడికి ఒక్కటే ఓటు ఉండే సహకార సంఘంగా నమోదై, కొత్త ఫ్లాటు కార్పెట్ ఏరియాను (బయటి గోడల మందం పోగా వాడుకకు మిగిలే చోటును), పని ముగిసేదాకా బిల్డరు ఇవ్వవలసిన అద్దెను, గడువును, బ్యాంకు గ్యారంటీని రిజిస్టరు ఒప్పందంలో రాయించుకోవాలి.

భవనం వయసు ఒక్కటే కొలమానం కాదు. 2024 జూలైలో సూరత్‌లోని సచిన్ ప్రాంతంలో, పాలిలో కూలి ఏడుగురిని బలిగొన్న భవనం కట్టి పదేళ్లయినా కాలేదు కనుక, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పటిష్ఠత పరీక్ష చేయించడం తొలి మెట్టు కావాలి.

పునర్నిర్మాణానికి కావలసిన 75 శాతం సమ్మతి లెక్కలో చోటు లేని అద్దెదారులే, ముఖ్యంగా లింబాయత్ వంటి పేటల్లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాల వంటివారే, ఎక్కువగా నష్టపోతారు. 2020 నాటి కేంద్ర పథకం కింద సూరత్‌లో ఖాళీగా పడివున్న 393 ప్రభుత్వ గృహాలు అద్దె ఇళ్లుగా మారినా, ఆ పథకంలో నిర్వహణ 25 ఏళ్లపాటు గుత్తేదారుదే, అద్దెకుండేవారిది కాదు. కాబట్టి అద్దెదారులకు కూడా సొసైటీ ఒప్పందంలోనే తిరిగివచ్చే హక్కు రాసివ్వడం న్యాయం.