తడిపిన కొట్టంలోనూ ఆవు ఎందుకు రొప్పుతోంది?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. ఒక జెర్సీ సంకర ఆవు, రెండు ముర్రా గేదెలు ఉన్నాయి. రోహిణి కార్తెలో కొట్టం చుట్టూ గోనె పట్టాలు కట్టి తడుపుతున్నాం. అయినా సాయంత్రానికి ఆవు నోరు తెరిచి రొప్పుతోంది, పాలూ తగ్గాయి. దాణా పెంచమంటారా?

జవాబు: పెంచవద్దు. తడి గోనె పట్టాలు గాలి పొడిగా ఉండే ఉదయగిరి వైపైతే రోజంతా సరిపోయేవి, మీలా సముద్రం పక్కన సగం పూటే పనిచేస్తాయి. చర్మం మీది చెమట, ఊపిరిలోని తడి ఆవిరైతేనే పశువు ఒంట్లో వేడి బయటికి పోతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఎండతోపాటు తేమనూ కలిపి ఉష్ణ-తేమ సూచిక లెక్కగడతారు. అది 72 దాటితే ఎక్కువ పాలిచ్చే విదేశీ జాతి ఆవుకు ఇబ్బంది మొదలైనట్టే. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే సూచిక 86 దగ్గర ఉంటుంది. 35 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతమైతే 89కి చేరుతుంది. రాత్రి 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నా 83. అంటే మీ ఆవుకు తెల్లవార్లూ తెరిపి లేదన్నమాట. పడమటి గాలి పొడిగా కొడుతున్నంతసేపు ఆ వైపు పట్టా తడపండి. సముద్రపు గాలి తిరగ్గానే అన్ని వైపులా పట్టాలు ఎత్తి కట్టేయండి. లేకపోతే పశువుల ఊపిరి, మూత్రం, పట్టాల తడి అన్నీ లోపలే ఉడుకుతాయి. అప్పుడు తడపాల్సింది గాలిని కాదు, ఒంటిని. సన్న తుంపర వెంట్రుకల మీదే ఆగిపోతుంది కాబట్టి చర్మం తడిసేలా నీళ్లు పోసి, ఆరేదాకా గాలి తగలనిచ్చి, మళ్లీ పోయాలి. ఫ్యానుకు కరెంటు ఖర్చు అనకండి, ఉన్న ఒక్క ఫ్యానూ రాత్రిపూట తిప్పినా మేలే.

ఇక దాణా సంగతి. మేత తినకే పాలు తగ్గాయన్నది సగం నిజం. వేడికి తగ్గే పాలలో మేత తగ్గడం వల్ల పోయేది దాదాపు సగమే, మిగతాది ఒంట్లో జరిగే మార్పుల వల్ల. పైగా వరిగడ్డి కడుపులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది, కాబట్టి దాన్ని పొద్దుగూకాక వేయండి, పగలు పచ్చిగడ్డి చాలు. చొంగతో సోడా గుణం కారిపోయే పశువుకు దాణా ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరుగుతుంది. తొట్టిలో నీళ్లు నీడన ఉండాలి, ఎండలో కాగిన నీళ్లు ఏ పశువు తాగుతుంది?

ఒంగోలు ఆవుకు ఈ గొడవే లేదని పెద్దలంటారు, చాలావరకు నిజమే. వదులు చర్మం, ఎక్కువ చెమట గ్రంథులు దానికి తోడు. కానీ పాలు తక్కువిచ్చే ఒంట్లో పుట్టే వేడీ తక్కువే, కాబట్టి జెర్సీతో పోల్చడం న్యాయం కాదు. గేదెల సంగతి వేరు. తోలు నలుపు, చెమట గ్రంథులు కొద్దే కనుక చెరువు వాటికి మందు. పాలు పితికిన అరగంట దాకా మాత్రం బురదలోకి వదలకండి. అప్పటికి చనుమొనలు తెరుచుకునే ఉంటాయి, పొదుగువాపు వస్తుంది. పడుకున్న ఆవు డొక్క నిమిషానికెన్నిసార్లు ఎగురుతుందో లెక్కపెట్టండి. అరవై దాటితే నీళ్లు పోయండి. తూలుతూ, ఒళ్లు 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలిపోతుంటే నీళ్లు పోస్తూనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.