రఫేల్: ఒక్కో యుద్ధవిమానం ధర ఎంత?

ఫ్లైఅవే ధర అంటే ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానం ఖరీదు: బాడీ, ఇంజిన్, ఏవియానిక్స్. ఆయుధాలు, విడిభాగాలు, శిక్షణ, నిర్వహణ కలిపితే ప్యాకేజీ ధర. పరిశోధన ఖర్చునూ పంచితే ప్రోగ్రామ్ ధర.

భారత్ ఒప్పందం: 2016 సెప్టెంబర్ 23, ఫ్రాన్స్‌తో. 36 విమానాలు, సుమారు 59,000 కోట్ల రూపాయలు. భాగిస్తే ఒక్కోటి దాదాపు 1,640 కోట్లు. పార్లమెంటులో 2016 నవంబర్‌లో చెప్పిన 670 కోట్లు మాత్రం ఆయుధాలు, భారత్ కోరిన మార్పులు లేని విమానానికి. గొడవంతా ఇక్కడే, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు.

కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక (2019 ఫిబ్రవరి): ఈ ఒప్పందానికి ముందు వచ్చిన పాత బిడ్ కంటే 2.86% చౌక. నివేదికలో అసలు ధరల అంకెలు కప్పేశారు. పరీక్షల్లో తప్పక అడిగేది: రాజ్యాంగంలో కాగ్ నియామకం 148వ అధికరణ, నివేదికలు 151. ఈ ఒప్పందంపై వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2018 డిసెంబర్ 14న, రివ్యూ పిటిషన్లను 2019 నవంబర్ 14న.