వ్యాధివ్యాప్తిని రక్తపరీక్షతో లెక్కించుట

2020 మే మొదటి వారము వరకు ఆంధ్రప్రదేశ్‌లోని నాటి పదమూడు జిల్లాలలో ఒక్క కరోనా కేసైనను నమోదు కాక మిగిలిన జిల్లా విజయనగరము ఒక్కటే. మన శ్రీకాకుళము జిల్లాలో కూడ ఏప్రిల్ నాలుగవ వారము వరకు కేసులు బయటపడలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఒక రక్తపరీక్షల సర్వే ఫలితములను ప్రకటించినది. రాష్ట్రము మొత్తము మీద నూటికి 19.7 మందికి వ్యాధి సోకి పోయినట్లు అందులో తేలినది. జిల్లాలలో అన్నిటికంటె పైన నిలిచినది విజయనగరము: 30.6 శాతము. శ్రీకాకుళములో 21.5 శాతము. అన్నిటికంటె తక్కువగా నెల్లూరులో 8.2 శాతము.

అందరికంటె ఆలస్యముగా మొదటి కేసు కనిపించిన జిల్లాయే నాలుగు నెలలలో మొదటి స్థానమునకు ఎట్లు చేరినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న, ఇట్టి సర్వే దేనిని కొలుచునో, ఎట్లు కొలుచునో, దాని అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొనవలెను. విద్యార్థులకు ఇది జీవశాస్త్రము, గణితశాస్త్రము కలిసి పనిచేయు చక్కని పాఠము.

కేసుల లెక్క – సోకినవారి లెక్క

ముక్కునుండి, గొంతునుండి తీసిన నమూనాలో వైరస్ ఉన్నదా అని చూచు పరీక్ష, ఆనాడు వైరస్ ఉన్నవానినే పట్టగలదు. కొద్దివారములు గడచినచో ఆ జాడ మాసిపోవును. అదియును, పరీక్షకు వచ్చినవానికి మాత్రమే. జ్వరము రానివాడు రాడు. వచ్చినను రెండు రోజులలో తగ్గినవాడు రాడు. కూలి పోవునని వెరచినవాడు రాడు. కావున నమోదైన కేసులు ఆసుపత్రి గడప తొక్కినవారి లెక్క. గడప తొక్కనివారి లెక్క వేరొక మార్గమున తీయవలెను.

ఆ మార్గము మన రక్తములోనే కలదు. ఒకసారి మసూచి వచ్చి బ్రతికినవానికి మరల అది రాదన్న సంగతి పూర్వులకు అనుభవములో తెలియును. మసూచిని, తట్టును వేరు వేరు వ్యాధులుగా వివరించి గ్రంథము వ్రాసిన అల్ రాజీ అను వైద్యుడు సుమారు వేయి సంవత్సరములకు పూర్వమే ఈ విషయమునకు కారణము వెదకెను. నేటి శాస్త్రము చెప్పునది ఇది: వైరస్ ప్రవేశించినప్పుడు శరీరము దానికి సరిగా అతుకునట్టి ప్రోటీనులను తయారుచేయును. వీనినే ప్రతిరక్షకములు, అనగా యాంటీబాడీలు, అందురు. సాధారణముగా ఒకటి రెండు వారముల తరువాత ఇవి రక్తములో కనిపించి, వ్యాధి పోయిన పిమ్మట కూడ నెలల తరబడి నిలుచును. కనుక ఒకని రక్తములో ఆ ప్రతిరక్షకములు ఉన్నవన్న, వాడు ఎరిగినను ఎరుగకున్నను, వ్యాధి వానిని తాకి పోయినదని అర్థము.

పరీక్ష ఎట్లు చేయుదురు?

ఇందుకు ఎక్కువగా వాడునది ఎలీసా అను పద్ధతి. దీనిని 1971లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ప్రకటించిరి. 96 చిన్న గుంటలు గల ప్లాస్టిక్ పలకలో, గుంటల అడుగున వైరస్ భాగములను అంటించియుంతురు. రక్తము గడ్డకట్టిన పిమ్మట పైకి తేలు పసుపురంగు ద్రవమును సీరం అందురు. దానిని పలుచన చేసి గుంటలో పోయుదురు. ప్రతిరక్షకములు ఉన్నచో అవి వైరస్ భాగములకు అతుకుకొనును; మిగిలినది కడిగివేయుదురు. తరువాత, మానవ ప్రతిరక్షకములకు అతుకునట్టి మరియొక పదార్థమును, ఒక ఎంజైముతో జతచేసి పోసి, మరల కడుగుదురు. చివర రంగు పుట్టించు ద్రవమును కలిపినచో, ఎంజైము నిలిచియున్న గుంటలో రంగు తేలును. ఆ రంగు గాఢతను యంత్రము కొలుచును. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020 మే నెలలో రూపొందించిన ‘కోవిడ్ కవచ్’ ఈ రకపు పరీక్షయే.

మెతుకు పట్టి చూచుట

జిల్లాలోని లక్షలమందికి సూది గుచ్చుట సాధ్యము కాదు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచినచో చాలునని మన ఇండ్లలో అందరకును తెలియును. అయితే ఆ మెతుకు పైపొర నుండి మాత్రమే తీసినచో అడుగున మాడినది తెలియదు. జనములోనుండి నమూనా తీయుటలో కూడ ఇదియే చిక్కు. నరసన్నపేట బస్సుస్టాండులో నిలబడి దారినపోవు వందమంది రక్తము తీసినచో, అది ప్రయాణము చేయువారి లెక్క యగును. ఇల్లు కదలని వృద్ధులు, పొలములోని కూలీలు అందులోనికి రారు.

అందుచేత భారత వైద్య పరిశోధనా మండలి 2020 మే, జూన్ నెలలలో జరిపిన తొలి జాతీయ సర్వేలో ఒక క్రమమును పాటించినది. 21 రాష్ట్రములలో 70 జిల్లాలు. జిల్లాకు పది గ్రామములు లేక వార్డులు. ఒక్కొక్క చోట నలుబది మంది పెద్దలు. వెరసి జిల్లాకు 400 మంది. మన రాష్ట్రమునుండి కృష్ణా, నెల్లూరు జిల్లాలతో పాటు విజయనగరము కూడ ఎంపికైనది. ఎవరిని పరీక్షింపవలెనో సర్వేచేయువాని ఇష్టమునకు విడువక, లాటరీ వంటి యాదృచ్ఛిక పద్ధతికి అప్పగించుట ఇందలి ప్రాణము.

పరీక్షలోని పొరపాటు

ఏ పరీక్షయు నూటికి నూరుపాళ్లు నిజము చెప్పదు. ఒక పరీక్ష ప్రతిరక్షకములు ఉన్న నూరుగురిలో 90 మందిని పట్టుకొనుననియు, లేని నూరుగురిలో ఇద్దరిని పొరపాటున ఉన్నవారిగా చూపుననియు అనుకొందము. వేయిమంది గల ఒక ఊరిలో నిజముగా వ్యాధి సోకినవారు పదిమంది మాత్రమే. పరీక్ష వారిలో తొమ్మండుగురను పట్టును; సోకని 990 మందిలో సుమారు 20 మందిని తప్పుగా చూపును. మొత్తము 29. అనగా నిజమునకు మూడింతలు! అదే పరీక్షను, 200 మందికి సోకిన మరియొక ఊరిలో జరిపినచో, 180 మంది నిజమైనవారు, 16 మంది పొరపాటువారు, వెరసి 196. ఇది నిజమునకు చాల దగ్గర.

పరీక్ష మారలేదు, వ్యాధి వ్యాప్తి మారినది. వ్యాధి అరుదుగా ఉన్నచోట మంచి పరీక్ష కూడ మోసము చేయును. ఈ దోషమును సవరించు సులభమైన సూత్రమును 1978లో రోగన్, గ్లాడెన్ అను వారు ఇచ్చిరి. సర్వేలో వచ్చిన భాగమునుండి పొరపాటు భాగమును తీసివేసి, ఫలితమును 0.88తో భాగింపవలెను. పై పరీక్షకు 0.90, 0.98 కూడి ఒకటి తీసివేయగా వచ్చినదే ఈ 0.88. మొదటి ఊరిలో 0.029 నుండి 0.02 తీసి 0.88తో భాగించినచో సుమారు 0.01 వచ్చును. వేయికి పదిమంది! నిజము తిరిగి చేతికి వచ్చినది.

అంకె చెప్పునది, చెప్పనిది

ఇట్టి లెక్కలవలన కలుగు ప్రయోజనము గొప్పది. తొలి జాతీయ సర్వేలో పెద్దలలో 0.73 శాతము మందికే వ్యాధి సోకినట్లు తేలినది. చిన్న అంకెయే గాని, దేశములోని పెద్దల జనాభాతో గుణించినచో అది అరవై లక్షలు దాటినది. నమోదైన ఒక్కొక్క కేసునకు వెనుక 82 నుండి 130 వరకు ఉండవచ్చునని అంచనా వేసిరి. మన రాష్ట్రములో 2020 ఆగస్టు చివరికి నమోదైన కేసులు సుమారు 4,30,000. జనాభా ఐదు కోట్లకు కొంచెము తక్కువ, అందులో 19.7 శాతమన్న 97 లక్షలు. అనగా బయటపడిన ఒక్కరికి, బయటపడనివారు ఇరువదిమందికి పైగా. విజయనగరము చిక్కుముడి ఇక్కడ విడిపోవుచున్నది. కేసు కనిపించకపోవుట వేరు, వ్యాధి లేకపోవుట వేరు.

కాని అంకెను తప్పుగా చదివినచో ప్రమాదము కూడ కలదు. నూటికి 30 మందికి సోకినదన్న మాటను విని, ‘ఇక వ్యాధి ముగిసినది, సామూహిక రక్షణ వచ్చినది’ అని తలచినవారు కలరు. మిగిలిన 70 మంది ఆ అంకెలోనే ఉన్నారు. 21.5 శాతమన్న, మన జిల్లాలో నూటికి దాదాపు 79 మందికి ఇంకను రక్షణ లేదని అర్థము. 2021 ఏప్రిల్, మే నెలలలో డెల్టా రకపు వైరస్ వచ్చినప్పుడు ఆ అర్థము ఇంటింట తెలిసివచ్చినది. మే మధ్యలో రాష్ట్రములో ఒక్కరోజున 24,000కు పైగా కేసులు నమోదైనవి. 2020 గరిష్ఠసంఖ్యకు ఇది రెండింతలు మించినది. సర్వే అబద్ధము చెప్పలేదు. దాని రెండవ సగమును చదువకుండుటయే కొరత.

మరి మూడు జాగ్రత్తలు గుర్తుంచుకొనవలెను. మొదటిది, జిల్లా సగటు ప్రతి ఊరికి వర్తింపదు. అదే సర్వేలో పట్టణములకు, పల్లెలకు వేర్వేరు అంకెలు వచ్చినవి. రెండవది, ప్రతిరక్షకములు కాలక్రమమున తగ్గును. ఆలస్యముగా చేసిన సర్వే పాత సోకుడును కొంత మరచిపోవును. అవి ఉన్నంతమాత్రమున వ్యాధి మరల రాదనియు చెప్పరాదు. మూడవది, టీకా వలన కూడ ప్రతిరక్షకములు పుట్టును. 2021 జూన్, జూలై నెలలలో జరిగిన నాలుగవ జాతీయ సర్వేలో, ఆరేండ్లు దాటినవారిలో 67.6 శాతము మందికి ప్రతిరక్షకములు కనిపించినవి. అందులో వ్యాధి పాలు ఎంత, టీకా పాలు ఎంత అని విడదీయుట కష్టము. కోవిషీల్డ్ వైరస్ పైముల్లునకు మాత్రమే ప్రతిరక్షకములను పుట్టించును గనుక, లోపలి భాగమునకు ప్రతిరక్షకములు ఉన్నవానికి వ్యాధి సోకినదని గుర్తింపవచ్చును. నిర్జీవ వైరస్ మొత్తమును వాడిన కోవాగ్జిన్ తీసికొన్నవారి విషయములో ఆ గుర్తు చాలదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మరియొక కొత్త జ్వరము మన ప్రాంతమునకు రావచ్చును. అప్పుడు ఆరోగ్యశాఖవారు మన వీధికి వచ్చి, లాటరీలో మన ఇంటిని ఎంచుకొని, కొద్ది రక్తము ఇమ్మని అడిగినచో, ‘మాకు జ్వరము లేదు గదా, మా రక్తమెందుకు?’ అని ఇంటిలోని పెద్దలు తలుపు వేయవచ్చును. జ్వరము రానివాని రక్తమే ఆ లెక్కకు ఎక్కువ అవసరమని వారికి మన భాషలో, మన ఇంటిలో కూర్చుండి చెప్పగలవారు మీరే. ఆ లెక్క పత్రికలో అచ్చైన నాడు, ఎందరికి సోకినదో చదివి ఊరుకొనక, ఎందరికి సోకలేదో కూడ నూటినుండి తీసి చూచుకొనుడు.