ఆహార విపత్తుల ఆర్థిక నష్టం: ఒత్తిడి పరీక్షల్లో దిగుబడి, నిల్వ, ధర

ఒకే సంవత్సరంలో పలు దేశాల పంటలు దెబ్బతింటే ఆర్థిక వ్యవస్థకు వాటిల్లే నష్టమెంత? అటువంటి సంవత్సరాలు అరుదు కనుక గత గణాంకాల సగటులు ఈ ప్రశ్నకు సమాధానమివ్వలేవు. అందువల్ల ఆర్థికవేత్తలు ఒత్తిడి పరీక్ష అనే పద్ధతిని అనుసరిస్తున్నారు. తీవ్రమైనదే అయినా సంభవించడానికి వీలున్న ఒక విపత్తును ముందుగా ఊహించి, దాని తాకిడికి వ్యవస్థలో ఏ భాగం ఎంత మేరకు కుంగుతుందో లెక్కించడమే ఈ పద్ధతి. 2009లో అమెరికా కేంద్ర బ్యాంకు 19 పెద్ద బ్యాంకింగ్ సంస్థలను ఈ విధంగా పరీక్షించింది. ఆహార రంగంలోకి ఈ పద్ధతి కొంత ఆలస్యంగా ప్రవేశించింది.

లాయిడ్స్ ఊహించిన సంవత్సరం

లండన్‌లోని బీమా విపణి లాయిడ్స్ 2015లో వెలువరించిన ఆహార వ్యవస్థ అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో బలమైన ఎల్ నినో ఏర్పడుతుంది. అమెరికాలో మిసిసిపీ, మిస్సోరీ నదులకు వరదలు వస్తాయి. భారతదేశంలో 2002 నాటి వంటి కరవు ఏర్పడుతుంది. గోధుమకు కాండపు తుప్పు తెగులు, దక్షిణ అమెరికా సోయాచిక్కుడుకు ఆకు తుప్పు తెగులు అదే ఏడాది విజృంభిస్తాయి. ఫలితంగా ప్రపంచ ఉత్పత్తి మొక్కజొన్నలో 10 శాతం, సోయాచిక్కుడులో 11 శాతం, గోధుమ, వరిలో 7 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా వేశారు. భారతదేశపు వరిలో తగ్గుదల 18 శాతం. దేశాలు ఎగుమతులను నియంత్రించడంతో ధరలు కొన్ని రెట్లు పెరిగి, స్టాక్ మార్కెట్లు పతనమవుతాయి.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. 2002–03లో భారత వరి ఉత్పత్తి 933 లక్షల టన్నుల నుండి 718 లక్షల టన్నులకు, అనగా 23 శాతం తగ్గింది. ఊహించిన తగ్గుదల కంటే వాస్తవంలోని తగ్గుదలే ఎక్కువ. అయినా నాడు ప్రపంచ బియ్యం విపణి తల్లకిందులు కాలేదు. 2002 జూలై 1 నాటికి ప్రభుత్వ గిడ్డంగులలో సుమారు 630 లక్షల టన్నుల బియ్యం, గోధుమలు ఉన్నాయి. నాటి బఫర్ ప్రమాణం 243 లక్షల టన్నులు మాత్రమే. కరవు సంవత్సరంలోనూ దేశం నుండి ధాన్య ఎగుమతులు కొనసాగాయి. అంతకుముందు అదనపు నిల్వలు వృథా వ్యయమని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు కాని, ఆ ఏడాది మాత్రం ఆ నిల్వలే ఆదుకున్నాయి.

2007–08లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. ప్రపంచ వరి ఉత్పత్తి తగ్గనేలేదు. గోధుమ, ముడిచమురు ధరలు పెరుగుతున్న తరుణంలో 2007 అక్టోబరులో భారతదేశం బాస్మతీయేతర బియ్యం ఎగుమతులపై ఆంక్షలు విధించింది. వియత్నాం, ఈజిప్టు అదే బాట పట్టాయి. ఫిలిప్పీన్స్ ఆత్రంగా కొనుగోళ్లకు దిగింది. థాయ్ బియ్యం టన్ను ధర కొద్ది నెలల్లోనే దాదాపు మూడు రెట్లయి, 2008 వేసవిలో 1000 డాలర్లు దాటింది. జపాన్ తన వద్దనున్న దిగుమతి బియ్యాన్ని విడుదల చేయవచ్చునన్న వార్తతోనే ధర దిగజారడం మొదలైంది.

కావున దిగుబడి నష్టాన్ని మాత్రమే లెక్కించే నమూనా 2002లో నష్టాన్ని ఎక్కువగాను, 2007లో తక్కువగాను చూపుతుంది. నిల్వలను, ప్రభుత్వాల ప్రతిస్పందనను నమూనా లోపలికి తీసుకురావలసిందే.

ధరను లెక్కించు విధానం

సరఫరా తగ్గుదలను డిమాండ్, సరఫరాల ఉమ్మడి వ్యాకోచత్వంతో భాగిస్తే ధర పెరుగుదల స్థూలంగా తెలుస్తుంది. వ్యాకోచత్వం 0.2 అనుకుంటే, 7 శాతం కొరతకు ధర 35 శాతం పెరుగుతుంది. కొరతలో సగాన్ని నిల్వలు పూరిస్తే పెరుగుదల 17.5 శాతానికి పరిమితమవుతుంది. అయితే ఈ వ్యాకోచత్వాలను సాధారణ సంవత్సరాల గణాంకాల నుండి అంచనా వేస్తారు. భయంతో కొనుగోళ్లు సాగే వేళ అవి చెల్లవు. పైగా ప్రపంచ వరి ఉత్పత్తిలో అంతర్జాతీయ విపణికి చేరేది సుమారు పదో వంతే. 2022లో ఆ వాణిజ్యంలో భారతదేశపు వాటా దాదాపు 40 శాతం. 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించగానే ప్రపంచ ధరలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరడానికి కారణమిదే.

రైతు ఖాతాలో

జాతీయ నమూనాలు సాధారణంగా వినియోగదారుని వద్ద ఆగిపోతాయి. విస్తరణ శాస్త్రవేత్తకు అవసరమైన లెక్క ఆ తరువాతనే మొదలవుతుంది. ఉదాహరణకు ఒక సొంతదారు రైతు స్థూల ఆదాయం 100, సాగు ఖర్చు 70, మిగులు 30 అనుకుందాం. దిగుబడి 30 శాతం తగ్గి, ధర 30 శాతం పెరిగితే నష్టం సరిపోయినట్లు పైకి తోస్తుంది. కాని స్థూల ఆదాయం 91కి, మిగులు 21కి పడిపోతుంది. ఎగుమతి నిషేధం వల్ల ధర 10 శాతమే పెరిగితే ఆదాయం 77, మిగులు 7. అదే భూమిని కౌలుకు చేసే రైతుకు కౌలు కలిపి ఖర్చు 85 అయితే, మామూలు ఏడాది 15గా ఉన్న మిగులు నిషేధపు సంవత్సరంలో 8 లోటుగా మారుతుంది. పంట పూర్తిగా కోల్పోయిన రైతుకు ధర ఎంత పెరిగినా ప్రయోజనముండదు. సగటు లెక్క ఈ రైతును కనబడనీయదు.

నిషేధం తప్పని దీని అర్థం కాదు. బియ్యం కొని తినే పేద కుటుంబానికి అది రక్షణ. ఆ రక్షణకయ్యే వ్యయాన్ని ఎవరు భరిస్తున్నారో పరీక్షలో విడిగా చూపాలి. కాకినాడ ఓడరేవు మీదుగా ఎగుమతులు సాగే గోదావరి జిల్లాలకు ఈ అంశం మరింత ముఖ్యం.

జిల్లా స్థాయిలో ఈ పరీక్షను పరిశోధక విద్యార్థులు సైతం చేపట్టవచ్చును. మండలాల వారీ దిగుబడులు, గిడ్డంగులలోని నిల్వలు, పంట రుణాల బకాయిలు, సొంతదారులకు, కౌలుదారులకు వేర్వేరుగా సాగు ఖర్చులు ఉంటే చాలును. తాకిడి ఏ నెలలో వచ్చిందన్నది కూడా నమోదు చేయాలి. జూలై బెట్టలో రైతు నారుమడి ఖర్చు మాత్రమే కోల్పోయి ప్రత్యామ్నాయ పంటకు మారగలడు. కోతకొచ్చిన వరి నవంబరు తుపానులో నేలకొరిగేనాటికి ఎరువులు, కూలీలు, కౌలు ఖర్చులన్నీ దాదాపు పూర్తయి ఉంటాయి. దిగుబడి నష్టం రెండు సందర్భాలలోనూ ఒకే శాతం అయినా, అప్పుగా మిగిలే మొత్తం ఒకటి కాదు.