నలుపు తెలుపుల్లో బస్తర్: చూపుకు ఒక సాధన

మేనేజ్‌మెంట్ చదివినవారికి ‘విజన్’ అన్న మాట కొత్త కాదు. సంస్థ విజన్‌ను గోడ మీద చదువుతాం, సమీక్షా సమావేశాల్లో వింటాం. మనకంటూ ఒక సొంత చూపు ఎలా ఏర్పడుతుంది? బస్తర్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో నలుపు తెలుపు ఫొటోలు తీస్తూ నేను నేర్చుకున్న నాలుగు మాటలు మీతో పంచుకుంటాను.

బస్తర్ అనగానే అందరికీ రంగులే గుర్తుకొస్తాయి. 75 రోజుల దసరా, పూసల హారాలు, తలపాగాలో ఈకలు. కాకతీయుల వంశానికి చెందిన అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని చెబుతారు. దక్షిణాన భోపాలపట్నం, కోంటా వైపు తెలుగు వినిపిస్తుంది. ఇంత దగ్గరి ప్రాంతమైనా మనలో చాలామందికి ఇదొక వింతలోకం. రంగుల ఫొటోలో ముందు హారం కనిపిస్తుంది, దాన్ని వేసుకున్న మనిషి తరువాత. రంగు తీసేస్తే ఆ వరుస తారుమారవుతుంది.

ఈ విషయంలో మనకు మార్గదర్శి సునీల్ జానా. 1918లో అస్సాంలో పుట్టిన జానా, 1943 నాటి బెంగాల్ కరువు ఫొటోలతో ప్రసిద్ధులయ్యారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌తో కలిసి ఆదివాసీ ప్రాంతాల్లో పర్యటించి, బస్తర్ ప్రజలనూ ఫొటోలు తీశారు. ఆ కృషిలో ముఖ్యభాగం 1993లో ‘ది ట్రైబల్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకంగా వచ్చింది. ఆ నలుపు తెలుపు చిత్రాల్లో నాకు కనిపించేది వేషం కాదు, నిలబడిన తీరు, ముఖంలోని ధీమా. కరువు బాధితులను చూసిన కళ్లే ఇక్కడా పనిచేశాయి. కెమెరా మారినా చూపు మారదనడానికి ఇదే సాక్ష్యం.

ఇక సాధన విషయానికి వద్దాం.

మొదటిది, రంగును ఛాయగా చదవడం. పచ్చని అడవి ముందు ఎర్ర చీర కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నలుపు తెలుపుల్లో ఆ రెండూ దాదాపు ఒకే బూడిద ఛాయలో కలిసిపోవచ్చు. అందుకే ఫోన్‌లో మోనో మోడ్ పెట్టి, ముందు ఛాయల తేడా చూడండి.

రెండవది, వెలుగు. ఉదయం, సాయంత్రం పక్కనుంచి పడే ఎండలో ముఖం మీది గీతలు, చేతుల నరాలు, బుట్ట అల్లిక స్పష్టమవుతాయి. వెనుక ఆకాశం మెరుస్తుంటే ముఖం నల్లబడుతుంది. అప్పుడు తెర మీద ముఖాన్ని తాకి, దానికి తగ్గట్టు వెలుగు సరిచేయాలి.

మూడవది, నిజాయితీ. ఎరుపు ఫిల్టర్ వాడితే చర్మం తెల్లబడి కనిపిస్తుంది, ఆకులు నల్లబడతాయి. నల్లని ముఖాన్ని తెల్లగా చూపడం అందం పేరిట అబద్ధం చెప్పడమే అని నా అభిప్రాయం.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, అనుమతి. జగదల్‌పూర్ దగ్గరి ఒక సంతలో ఇప్పపువ్వు అమ్ముతున్న ఒక పెద్దావిడను అడిగి ఫొటో తీశాను. హల్బీ తెలిసిన మా సహోద్యోగి మాట కలిపారు. తెర మీద చూసుకుని ఆమె, “రంగెందుకు తీసేశావు నాయనా? పోయినవాళ్ల ఫొటోలా ఉంది” అంది. గోడ మీద దండ వేసిన పటాలు గుర్తొచ్చాయి నాకు. కళ అని నేననుకునేది ఆమెకు మరణాన్ని గుర్తు చేసింది. మరో ఫొటో రంగుల్లో తీసి, ప్రింట్ వేయించి తరువాతి సంతలో ఇచ్చాను. నలుపు తెలుపుది ఆమె సరేనన్నాకే నా దగ్గర ఉంచుకున్నాను. సొంత చూపు ఉండటమంటే ఎదుటివారి చూపును కొట్టిపారేయడం కాదని ఆ రోజు తెలిసింది.

ఈ అలవాటు కౌంటర్ దగ్గరా పనికొస్తోంది. ఖాతా ఫారం మీది ఫొటోను సంతకంతో పాటు ఒక లాంఛనంగా చూసి తిప్పేస్తాం. ఇప్పుడు ఆ ముఖం దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నాను. పేరు పెట్టి పిలుస్తున్నాను. వేలిముద్ర వేసే చేతికి తొందర పెట్టడం లేదు.

మీరూ ప్రయత్నించండి. ఒక నెలపాటు మీ ఊరి సంతో బస్టాండో, ఒకే చోటు ఎంచుకోండి. వారానికి పది ఫొటోలు నలుపు తెలుపుల్లో తీయండి. తొమ్మిది తీసేసి ఒకటే ఉంచండి. దాన్నే ఎందుకు ఉంచారో కింద ఒక వాక్యం రాయండి. నెలాఖరుకు ఆ నాలుగు వాక్యాలూ వరుసగా చదువుకుంటే, మీరు దేనికి విలువ ఇస్తారో మీకే అర్థమవుతుంది.