ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో అడిగారా?

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో కొత్తగా దిగిన పిల్లలకు సోషల్ సెక్యూరిటీ కార్డు, బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను గురించి నేను చెప్పక్కర్లేదు, రూమ్మేట్లే చూసుకుంటారు. డ్రైవింగ్ టెస్టులో స్టాప్ గుర్తు దగ్గర పూర్తిగా ఆగండి, అంతే. పాత కారు కొని, మొదటిసారి ఆయిల్ మార్పించడానికి వెళ్తారు చూశారా, అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మొన్న ఒకబ్బాయి కంగారుగా ఫోన్ చేశాడు. “అంకుల్, బ్రేకులు పోయాయట. నాలుగు చక్రాలకీ ప్యాడ్లూ రోటర్లూ మార్చాలట. ఇలాగే నడిపితే ప్రాణాల మీదికి వస్తుందట.” ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయన్నారు అంటే, “అడగలేదంకుల్” అన్నాడు. అడగవు! ఇండియన్ స్టోర్లో బెండకాయలు మాత్రం ఒక్కోదాని కొస విరిచి చూస్తావు.

కొత్త ప్యాడు సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3కి దిగిందంటే మార్చేయాలి. 5 ఉంటే మళ్లీ ఆయిల్ మార్చేటప్పుడు చూడమనండి. రోటరు, అంటే ప్యాడు నొక్కే ఇనుప పళ్లెం, ఎంతవరకు అరగొచ్చో దాని మీదే అచ్చువేసి ఉంటుంది, చదివి చూపించమనండి. రాత్రి వానకు పట్టిన పైపై తుప్పు నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది, దానికి భయపడి కార్డు తీయకండి. చాలా కార్లలో ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. అందుకే ‘నాలుగూ’ అంటే నాలుగు కొలతలు చెప్పించుకోండి. ఒకవైపు అరిగినా ముందు రెండూ జతగా మార్చడం మాత్రం న్యాయమే, దానికి పేచీ పెట్టకండి.

నాకింత మంట ఎందుకంటారా? మొదట్లో ఒక షాపువాడు బాగున్న ప్యాడ్లు పీకి కొత్తవి వేసి నా దగ్గర డబ్బు గుంజాడు. ఆ కసితో, తర్వాత బ్రేకుల మాటెత్తిన ప్రతివాడూ నాకు దొంగే. ఇంకో మెకానిక్ నిజమే చెప్పాడు, వినలేదు. చక్రం కీచుమంటే పాటల సౌండు పెంచాను. ఆ కీచు ఊరికే వచ్చేది కాదు నాయనా! అరిగిన ప్యాడుకున్న చిన్న రేకు రోటరుకు తగిలి చేసే హెచ్చరిక అది. లివర్మోర్ గుడి నుంచి వస్తూ 680 ఫ్రీవే మీద సునోల్ దిగుడులో గరగరమని మొదలైంది. వెనక సీట్లో మా అమ్మ, ఒళ్లో ప్రసాదం పులిహోర డబ్బా, “ఏమిట్రా ఆ చప్పుడు?” అంటోంది. ప్యాడ్లతో పోవాల్సింది రోటర్లకు కూడా పెట్టాను. మళ్లీ చెబుతున్నా, మెకానిక్ ముఖం చూసి నమ్మకండి, ముఖం చూసి కాదనకండి. చక్రం విప్పించి, కొలిచి చూపించమనండి.

తెనాలిలో మా నాన్న ఏనాడూ కొలత అడగలేదు. స్కూటరు మెకానిక్ “ఇంకో నెల లాగించండి మాస్టారూ” అంటే లాగించేవారు. అతని కూతురు నాన్న క్లాసులోనే చదివేది. అబద్ధమాడితే సాయంత్రం కాఫీ హోటల్లో ఎదురుపడక తప్పదు. ఇక్కడ కౌంటరు వెనక కుర్రాడు వచ్చే నెలకు ఇంకెక్కడో ఉంటాడు. కొలతలు అడిగి అడిగి ఒక్కోసారి నాకే విసుగొస్తుంది, ఆ “లాగించండి” అనే మాట వినాలనిపిస్తుంది.

సరే, పనికొచ్చే మాట. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టే ముందే ఎస్టిమేటు రాసివ్వాలి. మీరు ఒప్పుకోకుండా అంతకు మించి వసూలు చేయకూడదు. పాత ప్యాడ్లు కావాలని ముందే అడిగితే ఇచ్చి తీరాలి, కాబట్టి సంతకం పెట్టకముందే అడగండి. షాపుకు లైసెన్సు ఉందో లేదో బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ సైటులో కనిపిస్తుంది, ఫిర్యాదూ అక్కడే. రెండో షాపుకు వెళ్తే, మొదటివాడేమన్నాడో చెప్పకుండా కొలవమనండి. గరగరమన్నా, పెడల్ కిందికి దిగిపోయినా రెండో అభిప్రాయం, మూడో అభిప్రాయం ఏమీ వద్దు, కారు అక్కడే ఆపి టో ట్రక్కును పిలవండి. మెల్లగా నడుపుకుంటూ వెళ్లనా అని మాత్రం నాకు ఫోన్ చేయకండి.