యాంప్‌కి ఊపిరి ఆడనివ్వు

అల్లుడూ,

కాదురా, నీకెవరు చెప్పారోగానీ తప్పు చెప్పారు. రెండు టాప్ స్పీకర్లలోనూ డయాఫ్రమ్‌లు కాలిపోయింది యాంప్ పెద్దదైనందుకు కాదు. ఈసారి చిన్న యాంప్ కొంటే ఈ బాధ ఉండదని రాశావే, అలాగే కొను. నాలుగు పెళ్లిళ్లు తిరక్కుండా మళ్లీ డయాఫ్రమ్‌ల కోసం తిరుగుతావు. నీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో ఉంది. ‘క్లిప్ లైటు వెలుగుతూనే ఉంది మావయ్యా, సౌండ్ వస్తోంది కదా అని వదిలేశాను’ అన్నావు. జబ్బు అక్కడుంది. అంతసేపు ఎర్రలైటు కళ్లెదుట వెలుగుతుంటే ఏం చేస్తున్నావురా? భోజనాల దగ్గరికి పోయావా?

ఆ లైటు ఏం చెబుతోందో విను. ఏ యాంప్‌కైనా ఇవ్వగలిగిన వోల్టేజీకి ఒక హద్దు ఉంటుంది. 8 ఓమ్‌ల మీద 500 వాట్ల చానల్ అంటే దాదాపు 63 వోల్టులు, శిఖరం దగ్గర 89 వోల్టులు. మిక్సర్ అంతకు మించి అడిగితే యాంప్ ఇవ్వలేదు, అల తల తెగిపోతుంది. శుభ్రంగా మోగే పాటలో సగటు పవర్ మామూలుగా యాంప్ పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు ఉంటుంది. అంటే నీ 500 వాట్ల చానల్ మీద 60 వాట్ల చిల్లర. డోలు దెబ్బ పడ్డప్పుడు మాత్రం క్షణంపాటు 500 దాకా పోయి వస్తుంది. క్లిప్‌లోకి తోశావంటే ఆ శిఖరం పెరగదు, సగటు పెరుగుతుంది. అల పూర్తిగా చదరం అయ్యేదాకా తోస్తే అదే 500 వాట్ల యాంప్ 1000 వాట్ల దగ్గరికి పోతుంది. బేస్ హద్దు దగ్గర ఆగిపోయినా, నువ్వు ఫేడర్ ఎత్తినకొద్దీ తాళాల చప్పుడు, సన్నాయి పైస్థాయి పెరుగుతూనే ఉంటాయి. తల తెగిన అలలోంచి కొత్తగా పుట్టే పైస్వరాలు వాటికి తోడు. ఇవన్నీ క్రాసోవర్ దాటి చేరేది హెచ్‌ఎఫ్ డ్రైవర్‌కే, అంటే నీ డయాఫ్రమ్ ఉన్న పైస్థాయి డ్రైవర్‌కే. వూఫర్ కాయిల్ పెద్దది, ఎంతోకొంత ఓర్చుకుంటుంది. డ్రైవర్ కాయిల్ సన్నటి తీగ. అది వేడెక్కి, జిగురు వదిలి, తెగిపోతుంది. పాపం, దాని తప్పేమీ లేదు.

అందుకే నేను యాంప్‌ని స్పీకర్ కంటే కొంచెం పెద్దదిగానే తీసుకోమంటాను. స్పీకర్ వెనక అంకెలు మూడు ఉంటాయి: 500, 1000, 2000. అందులో 2000 చూసి మురిసిపోకు, అది క్షణకాలపు శిఖరం. నువ్వు చూడాల్సింది మొదటిది, నిలకడగా మోసే బరువు. దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల యాంప్ ఉంటే మంచిది. కానీ ఆ మిగులు వాడుకోవడానికి కాదు, ఉంచుకోవడానికి. పెద్ద యాంప్ కొని దాన్నీ క్లిప్‌దాకా తోసేవాడి దగ్గర ఏ స్పీకరూ బతకదు.

ఇప్పుడు నా పాత పాటే మళ్లీ పాడతాను, విసుక్కోకు. యాంప్ ముందున్న నాబ్ సౌండ్ పెంచే నాబ్ కాదు, పవర్‌కి కట్టే ఆనకట్ట కూడా కాదు. ‘సగానికే పెట్టాను, సగం పవరే పోతోంది’ అని రాశావు. అది ఎంతమాత్రం నిజం కాదు. ఆ నాబ్ లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గిస్తుంది, అంతే. మిక్సర్ నుంచి ఎక్కువ పంపితే సగంలో ఉన్నా యాంప్ పూర్తి పవర్‌కి చేరుతుంది, దాటి క్లిప్ కూడా అవుతుంది.

నీ యాంప్ వెనక ఒక చిన్న స్విచ్ ఉంది చూడు, 0.775 వోల్ట్, 1.4 వోల్ట్, 26 డీబీ అని మూడు గుర్తులతో. నువ్వు దాన్ని కొన్ననాటి నుంచీ ముట్టుకోలేదని నాకు తెలుసు. చాలా మిక్సర్లలో మీటర్ సున్నా దగ్గరున్నప్పుడు బయటికొచ్చేది 1.23 వోల్టులు. యాంప్ 0.775లో ఉంటే, నాబ్ పూర్తిగా తెరిచి ఉంటే, 0.775 వోల్టులకే దాని 500 వాట్లూ అయిపోతాయి. అంటే మీటర్ సున్నా చూపిస్తూ అంతా బాగుందని నీకు ధైర్యం చెబుతుండగానే, నువ్వు 500 వాట్ల యాంప్‌ని 1250 వాట్లు అడుగుతున్నావన్నమాట! అదే స్విచ్ 26 డీబీలో పెట్టు. అప్పుడు యాంప్ నిండడానికి 3 వోల్టుల పైన కావాలి. మీటర్ సున్నా దగ్గర నీకు ఇంకా 8 డీబీ మిగులుంటుంది. ఆ 8 డీబీలే నీ డయాఫ్రమ్‌ల ఆయుష్షు.

చేయాల్సిన పని ఇది. యాంప్ నాబ్‌లు రెండూ పూర్తిగా మూసెయ్. మైకు ముందు ఎవరినైనా నిలబెట్టి, మామూలుగా కాదు, గట్టిగా మాట్లాడమను. మిక్సర్‌లో గెయిన్ సర్ది మీటర్ సున్నా చుట్టూ ఆడేలా చూసుకో. ఆ తర్వాత యాంప్ నాబ్ కొద్దికొద్దిగా తెరుస్తూ హాల్లో చివరి వరుసకి మాట స్పష్టంగా అందే దగ్గర ఆగు. అక్కడ చిన్న తెల్ల టేపు ముక్క అంటించి పెన్నుతో గీత పెట్టు. ఆ రాత్రికి ఆ గీత దాటకూడదు. క్లిప్ లిమిటర్ స్విచ్ ఉంటే వేసే ఉంచు. డోలు దెబ్బకి ఎర్రలైటు ఎప్పుడైనా ఒకసారి చటుక్కున మెరిస్తే కంగారు వద్దు. ఆగి వెలిగిందంటే ఫేడర్ దించు. పెళ్లివారు కోప్పడినా దించు.

ఈ మిగులు మీద నాకంత పట్టుదల ఎందుకో చెప్పనా? నాకు పద్యనాటకాలు ప్రాణం. ‘సత్య హరిశ్చంద్ర’ కాటి సీను ఒక్కసారి మిక్సర్ దగ్గర కూర్చుని చూడు. జాషువా పద్యాలు అందుకునేటప్పుడు నటుడు దాదాపు తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెడతాడు. హార్మోనియం కింద శ్రుతి పట్టి ఉంటుంది, జనం గాలి కూడా పీల్చరు. నాలుగో పాదానికి వచ్చేసరికి మైకు దగ్గరికి జరిగి పైషడ్జం పట్టి రాగం తీస్తాడు. మెల్లగా అన్న మాటకీ ఆ రాగానికీ మధ్య 10 డీబీ తేడా ఎటూపోదు. 10 డీబీ అంటే పది రెట్ల పవర్. మొదటి పాదానికి 50 వాట్లు ఖర్చుపెట్టినవాడి దగ్గర నాలుగో పాదానికి 500 సిద్ధంగా ఉండాలి. లేకపోతే రాగం చిరిగిపోతుంది, వన్స్‌మోర్ పడాల్సిన చోట జనం చెవులు మూసుకుంటారు. ఆ నటుడు ఏళ్ల తరబడి సాధన చేసిన గొంతు అది. నీ నిర్లక్ష్యంతో దాన్ని చింపే హక్కు నీకు లేదు. పెళ్లిలో సన్నాయికైనా, ఊళ్లో హరికథకైనా ఇదే మాట.

ఇంకో సంగతి. ‘సౌండ్ రెట్టింపు కావాలన్నారు, అందుకని రెట్టింపు యాంప్ కావాలి’ అంటున్నావు. రెట్టింపు పవర్‌తో పెరిగేది 3 డీబీ మాత్రమే, పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్ల పవర్ కావాలి. ఆ డబ్బు పెట్టే బదులు హాలు మధ్యలో చిన్న స్పీకర్లు ఇంకో జత పెట్టు, వెనక వరుసలవాళ్లు నిన్ను దీవిస్తారు. అన్నట్టు కల్యాణమండపంలో స్టీరియో వాడకు. ఎడమవైపు కూర్చున్నవాళ్లకి ఎడమ చానల్ ఒక్కటే వినబడితే సగం పాట పోయినట్టే. యాంప్‌ని పేరలల్‌లో పెట్టి రెండు వైపులా ఒకే సిగ్నల్ పంపు.

రెండు చానళ్లనీ కలిపి ఒకే లోడ్‌కి ఇచ్చే బ్రిడ్జ్ స్విచ్ జోలికి మాత్రం తెలిసి పో. బ్రిడ్జ్‌లో ఒక్కో చానల్‌కి స్పీకర్ సగం ఓమ్‌లుగానే కనబడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ దానికి 4 కింద లెక్క. రెండు బాక్సులు పేరలల్ చేసి 4 ఓమ్‌లు తగిలిస్తే ఒక్కో చానల్ 2 ఓమ్‌లు మోయాలి, అది చాలా యాంప్‌లకి శక్తికి మించిన పని. పైగా 8 ఓమ్‌ల మీద 1600 వాట్ల బ్రిడ్జ్ అంటే స్పీకర్ వైర్లో 110 వోల్టుల పైనే నడుస్తుంది. ఊడిన వైరు చేత్తో పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

వైరు సంగతికొస్తే, గుడి మైకు సెట్టు చూసి నువ్వు మోసపోయావు. గుడి మీది హారన్లకి సన్నవైరు వీధి చివరిదాకా పోయినా మోగుతాయంటే అవి 100 వోల్ట్ లైను మీద, ట్రాన్స్‌ఫార్మర్లతో నడుస్తాయి కాబట్టి. నీ పవర్ యాంప్‌కి ఆ వీలు లేదు. 50 మీటర్ల దూరం అంటే పోనూ రానూ 100 మీటర్ల రాగి. 1 స్క్వేర్ ఎంఎం వైరైతే దానికే 2 ఓమ్‌ల దాకా ఉంటుంది. 4 ఓమ్‌ల లోడ్ మీద స్పీకర్‌కి చేరే పవర్ సగానికి పడిపోతుంది. 2.5 వేస్తే 70 శాతం దక్కుతుంది. అన్నిటికన్నా మేలు, యాంప్‌ని స్పీకర్ దగ్గర పెట్టి సిగ్నల్ వైరు పొడవుగా లాగు.

ఆన్ చేసేటప్పుడు యాంప్ ఆఖర్న, ఆపేటప్పుడు యాంప్ మొదట. ఇది నీకు చిన్నప్పుడే చెప్పాను, మళ్లీ చెప్పను. డెకరేషన్ వాళ్లు అందంగా లేదని ర్యాక్ మీద పరదా కప్పేస్తారు, ఒప్పుకోకు. ఫ్యాన్‌కి గాలి ఆడకపోతే వేడెక్కి, సరిగ్గా మంగళసూత్రం వేళకి యాంప్ తనంతట తానే మూగబోతుంది.

ఇక కరెంటు. మల్టీమీటర్ లేకుండా ప్లగ్గు పెట్టే అలవాటు ఈ క్షణం నుంచి మానెయ్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల చుట్టూ ఉందా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకి మించి లేదా అని చూడు. జనరేటర్‌కి మార్చినప్పుడల్లా మళ్లీ చూడు. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజులో వోల్టేజీ 400 వైపు ఎగబాకుతుంది, సీరియల్ బల్బుల సెట్లతో మొదలై నీ యాంప్ దాకా అన్నీ కాలతాయి. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను కోసేసే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హమ్ తీయడానికి బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉంది, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఎర్త్ ఉన్నది మైకు పట్టుకున్న మనిషి ప్రాణం కోసం.

రాత్రి 10 దాటాక ‘ఇంకొక్క పాట’ అంటారు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం, ప్రభుత్వం ప్రకటించిన చోట ఆసుపత్రికీ బడికీ 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. మర్యాదగా చెప్పి ఆపెయ్. పక్కింట్లో పరీక్షకి చదివే పిల్లలు ఉంటారు.

డయాఫ్రమ్‌లు ఒరిజినల్‌వే వేయించు, డబ్బులు చాలకపోతే నేను పంపుతాను. కానీ అవి బిగించే ముందు ఆ వెనక స్విచ్ 26 డీబీకి మార్చి, టేపు గీత పెట్టి, ఫొటో తీసి నాకు పంపు. అది చూశాకే డబ్బులు.

మీ మావయ్య